నీహారికల ఛాయాచిత్రణ: రుద్రారం ఆకాశం కింద

నక్షత్రాల నడుమ పరుచుకున్న వాయువు, ధూళి మేఘాలను నీహారికలంటారు. వాటిలో కొన్ని తమంత తాముగా వెలుగుతాయి. చిన్న టెలిస్కోపుకు కెమెరా తగిలించి, ఆ వెలుగును గంటల తరబడి పోగుచేసి బొమ్మగా తీయడమే నీహారికల ఛాయాచిత్రణ. ఒకప్పుడు పెద్ద వేధశాలలకే సాధ్యమైన ఈ పని గత పాతికేళ్లలో ఇళ్ల మేడల మీదికి, పెరళ్లలోకి వచ్చింది. కొండల మీది కటిక చీకటి దీనికి ఎంతో మేలు చేస్తుంది. అయినా కర్మాగారాల దీపాలు తెల్లవార్లూ వెలిగే సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో కూడా, రుద్రారం లాంటి చోట, ఈ పని చేయవచ్చు. అది ఎలా వీలవుతుందో అర్థం కావాలంటే 1868 నాటి గుంటూరుకు వెళ్లాలి.

గుంటూరులో దొరికిన సూత్రం

1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. సూర్యబింబం అంచున ఎగసిపడే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినిలోంచి చూస్తే అన్ని రంగులూ కలిసిన పట్టీ కనిపించలేదు. విడివిడిగా కొన్ని మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో ఎర్రటి గీత హైడ్రోజన్‌ది. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులన్నమాట. పసుపు రంగులో కనిపించిన మరో గీత ఆ తర్వాత హీలియం అనే కొత్త మూలకానిదని తేలింది.

అంతకన్నా విలువైన పని మర్నాడు జరిగింది. గ్రహణం ముగిసిపోయినా, పట్టపగలు, అదే గుంటూరులో జాన్సెన్ మళ్లీ ఆ జ్వాలలను చూడగలిగాడు. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. పట్టకం వాటిని పొడవునా పరిచేసరికి ఆ వెలుగు పలచబడుతుంది. జ్వాల కాంతి ఒకటి రెండు రంగులకే పరిమితం కాబట్టి ఎంత పరిచినా తన చోట తాను అంతే చిక్కగా నిలుస్తుంది. ఎర్ర గీత దగ్గర మాత్రమే చూస్తే జ్వాల బయటపడుతుంది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా స్వతంత్రంగా ఇదే సంగతి కనుగొన్నాడు. పగటి వెలుగులో సూర్యుడి పక్కనున్న జ్వాలను వెతికినా, పటాన్‌చెరు దీపాల వెలుగులో నీహారికను వెతికినా సూత్రం ఒకటే. నేటి ఔత్సాహికుల చేతిలో ఉన్న సన్నని ఫిల్టర్ గాజు బిళ్ల ఆ గుంటూరు సూత్రానికే రూపం.

నీహారిక ఎందుకు వెలుగుతుంది

మృగశిర నక్షత్రానికి దిగువన, వరుసగా కనిపించే మూడు చుక్కల కింద, మసకగా ఒక మచ్చ ఉంటుంది. అదే ఒరాయన్ నీహారిక. మెస్సియే పట్టికలో దాని పేరు ఎం42. భూమికి దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి రుద్రారంలో కెమెరాకు చిక్కే దాని వెలుగు, వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్న కాలంలో అక్కడి నుంచి బయల్దేరింది. దాని నడిబొడ్డున ట్రపీజియం అని పిలిచే కొత్త నక్షత్రాల గుంపు ఉంది. వాటిలో పెద్దదాని ఉపరితల ఉష్ణోగ్రత 39,000 కెల్విన్ల దరిదాపుల్లో ఉంటుంది. మన సూర్యుడిది సుమారు 5,800 మాత్రమే. అంత వేడి నక్షత్రం వెదజల్లే అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడబెరుకుతుంది. ఊడిన ఎలక్ట్రాన్ మళ్లీ ఏదో ఒక కేంద్రకాన్ని చేరి, మెట్టు మెట్టుగా దిగేటప్పుడు కాంతిని వదులుతుంది. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగినప్పుడు వెలువడేదే 656.3 నానోమీటర్ల ఎర్రని కాంతి, హైడ్రోజన్ ఆల్ఫా. గుంటూరులో జాన్సెన్ చూసిన ఎర్ర గీత కూడా ఇదే.

ఆకుపచ్చ కాంతి కథ వేరు. 1864 ఆగస్టు 29న లండన్ శివార్లలో విలియం హగ్గిన్స్ ఒక గ్రహ నీహారిక వైపు వర్ణపటదర్శినిని తిప్పి, అది నక్షత్రాల గుంపు కాదని, మెరిసే వాయువని నిరూపించాడు. ఆ వర్ణపటంలో భూమ్మీది ఏ మూలకానికీ సరిపోని ఆకుపచ్చ గీతలు రెండు ఉండేవి. వాటికి నెబ్యులియం అనే ఊహా మూలకాన్ని అంటగట్టి ఆరు దశాబ్దాలు గడిపారు. చివరికి 1927లో ఐరా బోవెన్ అవి రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్‌వని తేల్చాడు. 495.9, 500.7 నానోమీటర్ల ఆ గీతలు వెలువడాలంటే అయాను మరో కణంతో ఢీకొనకుండా చాలాసేపు ఒంటరిగా ఉండాలి. ప్రయోగశాలలో మనం చేసే శూన్యంలోనూ అణువుల రద్దీ ఎక్కువే. నీహారికలో ఘన సెంటీమీటరుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల కణాలే ఉంటాయి. అందుకే ఆ గీతలు అక్కడ అంత బలంగా వస్తాయి.

కాబట్టి ఇలా తమంత తాముగా వెలిగే ఉద్గార నీహారికల వెలుగు దాదాపుగా కొన్ని నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యాల దగ్గరే పోగుపడి ఉంటుంది. పక్కనున్న నక్షత్రాల వెలుగును ప్రతిఫలించే నీహారికల సంగతి అలా కాదు. తెలుగు పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికల చుట్టూ ఉన్న నీలి పొగమంచు అలాంటిదే. దానికి అన్ని రంగులూ కావాలి, చీకటి కావాలి. ఈ తేడా తెలియక రుద్రారం మేడ మీద కృత్తికలతో మొదలుపెట్టినవారు నిరాశపడతారు. ఎం42తో మొదలుపెట్టినవారికి మొదటి రాత్రే ఏదో ఒకటి దక్కుతుంది.

ఫలకం మీద మొదటి ముద్ర

నీహారికను మొదట ఫోటోగా పట్టినవాడు వృత్తిరీత్యా వైద్యుడు. న్యూయార్క్‌కు చెందిన హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబరు 30న 11 అంగుళాల టెలిస్కోపుతో, 50 నిమిషాలకు పైగా ఎక్స్‌పోజర్ ఇచ్చి, ఒరాయన్ నీహారికను ఫలకం మీదికి దింపాడు. మూడేళ్లకు ఇంగ్లండులో ఆండ్రూ కామన్ తన ఇంటి తోటలోని 36 అంగుళాల దర్పణంతో అంతకన్నా ఎంతో స్పష్టమైన చిత్రం తీశాడు. కామన్ శానిటరీ ఇంజినీరు. కంటికి ఎన్నడూ కనిపించని నక్షత్రాలు, పొగ తెరలు ఆ చిత్రంలో కనిపించాయి. కన్ను క్షణక్షణం పాత వెలుగును పారేసి కొత్తది తీసుకుంటుంది. ఫలకం మాత్రం పోగుచేస్తూ పోతుంది. ఈ రంగానికి పునాది వేసిన ఆ ఇద్దరూ ఔత్సాహికులే.

హైదరాబాదు ఈ కథలోకి వేరే దారిన వచ్చింది. నిజాం ప్రభుత్వంలో ప్రముఖుడైన నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో సొంతంగా వేధశాల నెలకొల్పాడు. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించాడు. ఆయన మరణానంతరం 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం చేపట్టి నిజామియా వేధశాలగా కొనసాగించింది. ఆ తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశం మొత్తాన్నీ ఫోటో ఫలకాల మీదికి ఎక్కించాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ పథకంలో హైదరాబాదుకు −17 నుంచి −23 డిగ్రీల మధ్య పట్టీ దక్కింది. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో తీసిన గాజు ఫలకాల నుంచి నాలుగు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి, 12 సంపుటాలుగా అచ్చువేశారు. రాబర్ట్ పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆ పనికి సారథులు. ఓర్పుతో, రాత్రి వెంట రాత్రి ఒకే తీరుగా ఎక్స్‌పోజర్లు ఇస్తూ పోయే ఆ పద్ధతే నేటి ఔత్సాహికుడిది కూడా. మారింది గాజు ఫలకం మాత్రమే.

ఆ వేధశాల నీడలోనే ఒక పిల్లవాడు పెరిగాడు. తండ్రి అక్కడ ఖగోళ పరిశీలకుడు. కొడుకు వేణు బప్పు నిజాం కళాశాలలో చదువుతూ, విద్యార్థి దశలోనే నక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు ప్రకటించాడు. 1949లో హార్వర్డ్‌లో ఉండగా తాను తీసిన ఫలకం మీద కొత్త తోకచుక్కను గుర్తించాడు. బప్పు–బాక్–న్యూకిర్క్ తోకచుక్క పేరులో మొదటి భాగం ఆయనదే. భారతదేశపు ఆధునిక ఖగోళశాస్త్రానికి దారి వేసిన వ్యక్తి హైదరాబాదు ఆకాశం కింద ఔత్సాహికుడిగా మొదలయ్యాడన్న సంగతి ఇక్కడి పిల్లలకు ఇంకా గట్టిగా చెప్పాలి.

బేగంపేట చుట్టూ నగరం పెరిగింది. 1968లో ఉస్మానియా ఖగోళ శాఖ 48 అంగుళాల టెలిస్కోపును ఇబ్రహీంపట్నం అవతల జపాల్–రంగాపూర్‌లో నిలబెట్టింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. దీపాలకు దూరంగా జరగడమే అప్పుడు తెలిసిన మార్గం.

రుద్రారం ఆకాశం

ముంబై వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ తర్వాత వచ్చే ఊరు రుద్రారం. గణేశ్‌గడ్డ గుడి, గీతం విశ్వవిద్యాలయం ఉన్న ఊరుగా చాలామందికి తెలుసు. మరికొద్ది కిలోమీటర్లు ముందుకు పోతే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. ఆ క్యాంపస్‌లో 2022లో ఖగోళ వేధశాల ప్రారంభమైంది. అందులోది 14 అంగుళాల టెలిస్కోపు. విద్యార్థులు తమ హాస్టల్ నుంచి నడిచి వెళ్లి ఆకాశాన్ని కెమెరాతో పట్టే అవకాశం ఈ పారిశ్రామిక ప్రాంతంలోనే ఏర్పడింది. జిల్లా కళాశాలలు, పాఠశాలలు దీన్ని ఎంత వాడుకుంటే అంత మంచిది.

రుద్రారం అక్షాంశం సుమారు 17.5 డిగ్రీలు. నీహారికల వేటకు ఇది గొప్ప వరం. ఒరాయన్ నీహారిక ఇక్కడ 67 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది. ధనూరాశిలోని లగూన్ నీహారిక లండన్‌లో 14 డిగ్రీలు దాటదు. ఇక్కడ 48 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. దక్షిణార్ధగోళపు సొత్తుగా చెప్పుకునే ఎటా కారినా నీహారిక కూడా మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో దక్షిణ దిక్కున 12 డిగ్రీలకు పైగా లేస్తుంది. శంకర్‌పల్లి వైపు చెట్లు, భవనాలు అడ్డులేని చోటు దొరికితే దాన్నీ పట్టవచ్చు. ఐరోపాలో ఎవరికీ ఈ భాగ్యం లేదు.

ఇబ్బందులు కూడా తక్కువేమీ కావు. పటాన్‌చెరు, దాని వెనుక హైదరాబాదు, రెండూ రుద్రారానికి తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉన్నాయి. నీహారికలు చాలావరకు ఆ కాంతి గోపురంలోంచే ఉదయిస్తాయి. అందువల్ల ఇక్కడి ఔత్సాహికుడు వస్తువు నడినెత్తి దాటి పడమటికి వాలేదాకా ఆగడం మేలు. సంగారెడ్డి వాయవ్యంలో ఉంది, దాని వెలుగు కొంత తక్కువ. ఇంతకుముందు వీధుల్లో సోడియం దీపాలుండేవి. వాటి కాంతి ప్రధానంగా పసుపు రంగులో ఉండటంతో ఫిల్టర్‌తో ఆపడం సులభంగా ఉండేది. ఇప్పటి ఎల్ఈడీ దీపాలు నీలం నుంచి ఎరుపు దాకా అన్నింటినీ వెదజల్లుతాయి. సాధారణ కాంతి కాలుష్య ఫిల్టర్లు వీటి ముందు పెద్దగా పనిచేయవు. 2001లో జాన్ బోర్టల్ ప్రతిపాదించిన తొమ్మిది అంతరువుల కొలమానంలో 1 కటిక చీకటి అయితే 9 మహానగరపు నడిబొడ్డు. పారిశ్రామిక ప్రాంతపు ఊళ్లన్నీ ఈ కొలమానపు పై సగంలోనే ఉంటాయి. మన మేడను మనమే అంచనా కట్టుకోవచ్చు: అమావాస్య రాత్రి కూడా ఆకాశపు వెలుగులో మన చెయ్యి కనిపిస్తుంటే ఆ చోటు పై అంతరువుల్లో ఉన్నట్టే.

పొగ, దుమ్ము మరో సమస్య. చలికాలపు రాత్రుల్లో నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండటంతో పొగ పైకి పోలేక కింద పరుచుకుంటుంది. దీపాల వెలుగు ఆ పొగ మీద పడి ఆకాశం తెల్లబారుతుంది. వానకు దుమ్మంతా కడుక్కుపోయి తెరిపి ఇచ్చిన రాత్రి అందుకే అపురూపం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు వెళ్లాక వచ్చే రెండు మూడు రాత్రులు ఏడాదిలో అన్నిటికన్నా మంచివి. ఆ రుతువులో వచ్చే అమావాస్యే దీపావళి. చీకటి ఉన్నా టపాసుల పొగ వల్ల అది కెమెరాకు పనికిరాదు.

జూన్ రెండో వారం మొదట్లో వచ్చే మృగశిర కార్తె అంటే సూర్యుడు మృగశిరలో ప్రవేశించే కాలం. ఆ రోజుల్లో మృగశిర ఉన్న ఒరాయన్ రాశి పగటి ఆకాశంలో ఉంటుంది, వెంటనే వానలు మొదలవుతాయి. ఇక సెప్టెంబరు దాకా టెలిస్కోపుకు విశ్రాంతే. డిసెంబరు మధ్యకల్లా ఒరాయన్ నీహారిక అర్ధరాత్రికి నడినెత్తికి చేరుతుంది. ఫిబ్రవరిలో భోజనాల వేళకే అక్కడ ఉంటుంది. మార్గశిర పున్నమి నాడు చంద్రుడు సరిగ్గా మృగశిర దగ్గరే ఉంటాడు కాబట్టి ఆ రాత్రి ఒరాయన్‌ను వదిలేయాలి. తిథులున్న తెలుగు పంచాంగం ఈ పనికి మంచి పనిముట్టు. బహుళ పక్షం సగం దాటిన దగ్గర్నుంచి శుద్ధ పంచమి దాకా ఏ రోజు ఎన్ని గంటలు చీకటి దొరుకుతుందో చూసుకుని, ముందే ప్రణాళిక వేసుకోవచ్చు.

సరంజామా

కొత్తవారు ముందుగా పెద్ద టెలిస్కోపు కోసం డబ్బు కూడబెడతారు. అనుభవజ్ఞులు టెలిస్కోపును మోసి తిప్పే మౌంట్ కోసం కూడబెట్టమంటారు. వాళ్ల మాటే సరైనది. భూమి సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున తిరుగుతుంది. 80 మిల్లీమీటర్ల కటకం, 480 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న టెలిస్కోపుకు 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరా తగిలిస్తే, ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 1.6 ఆర్క్ సెకన్లను చూస్తుంది. మౌంట్ కదలకుండా ఉంటే ఒక్క సెకనులోనే నక్షత్రం తొమ్మిది పిక్సెళ్లు సాగిపోతుంది. అందుకే భూభ్రమణానికి ఎదురుగా తిరుగుతూ నక్షత్రాలను అనుసరించే ఈక్వటోరియల్ మౌంట్ కావాలి. దాని పళ్లచక్రాల్లో ఉండే చిన్న లోపాలను సరిదిద్దడానికి పక్కన మరో చిన్న టెలిస్కోపు, కెమెరా పెట్టి, ఒక నక్షత్రాన్ని ఎడతెగకుండా గమనిస్తూ మోటార్లకు సవరణలు పంపుతారు. దీన్ని గైడింగ్ అంటారు. పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది.

మౌంట్ అక్షం ఉత్తర ధ్రువానికి గురి చూడాలి. ఉత్తర దేశాల్లో ధ్రువ నక్షత్రం ఎత్తున ఉంటుంది. రుద్రారంలో అది క్షితిజం నుంచి 17.5 డిగ్రీలే. పొగలో, పక్కింటి నీళ్ల ట్యాంకు వెనుక, చెట్ల కొమ్మల్లో చాలాసార్లు కనపడనే కనపడదు. ఇప్పుడు దానికీ ఉపాయం వచ్చింది. కనిపించే ఆకాశంలో ఏదో ఒక చోట మౌంట్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ మూడు ఫోటోలు తీస్తే, నక్షత్రాల అమరికను బట్టి ధ్రువం ఎటు, ఎంత దూరంలో ఉందో నీనా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చెబుతుంది.

మేడ మీద స్లాబ్ అదురుతుంది. హైవే దగ్గరి ఇళ్లలో లారీలు పోయినప్పుడల్లా నక్షత్రాలు గుడ్డులా సాగిన ఫ్రేములు వస్తాయి. స్తంభాలు, గోడలు కలిసే మూలన మౌంట్ నిలబెడితే అదురు కొంత తగ్గుతుంది. నేల మీద పెట్టగలిగితే ఇంకా మంచిది. మంజీర పరీవాహకంలోని ఈ మెదక్ పీఠభూమిలో చలికాలపు రాత్రులు బాగా చల్లబడతాయి. ఇక్రిశాట్ ఉన్న పటాన్‌చెరులో రాత్రి ఉష్ణోగ్రతలు నగరం నడిబొడ్డు కన్నా తక్కువగా నమోదవుతుంటాయి. తెల్లవారుజామున కటకం మీద మంచు చేరుతుంది. కటకం చుట్టూ చుట్టే చిన్న హీటర్ పట్టీ లేకపోతే మూడింటి తర్వాత తీసిన ఫ్రేములన్నీ వృథా.

వేసవిలో చిక్కు తారుమారవుతుంది. కెమెరా సెన్సర్‌లో వేడి వల్ల పుట్టే నాయిస్ ప్రతి 6 డిగ్రీల పెరుగుదలకూ సుమారు రెట్టింపవుతుంది. ఏప్రిల్ రాత్రి 28 డిగ్రీలున్నప్పుడు మామూలు డీఎస్ఎల్ఆర్‌తో ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇస్తే బొమ్మంతా రంగు చుక్కలే. సెన్సర్‌ను చుట్టూ ఉన్న గాలి కన్నా 30 డిగ్రీలకు పైగా చల్లబరిచే ఖగోళ కెమెరాలు అందుకే వచ్చాయి. మామూలు డీఎస్ఎల్ఆర్‌లకు మరో లోపమూ ఉంది. మనుషుల చర్మపు రంగు సహజంగా రావడానికి తయారీదారులు సెన్సర్ ముందు పెట్టే ఫిల్టర్ హైడ్రోజన్ ఆల్ఫాలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. దాన్ని తీయించినవాళ్లకు ఎర్రటి నీహారికలు ఒక్కసారిగా కనిపిస్తాయి. కానన్ 60డీఏ, నికాన్ డీ810ఏ లాంటి నమూనాలను కంపెనీలే ఖగోళ ఛాయాచిత్రణ కోసం తయారుచేశాయి.

సన్నని ఫిల్టర్

ఇక గుంటూరు సూత్రం. కంటికి కనిపించే కాంతి 400 నుంచి 700 నానోమీటర్ల దాకా, అంటే 300 నానోమీటర్ల వెడల్పు. హైడ్రోజన్ ఆల్ఫా చుట్టూ 6 నానోమీటర్లను మాత్రమే వదిలే ఫిల్టర్ పెడితే ఎల్ఈడీ దీపాల వెలుగులో యాభయ్యో వంతే లోపలికి వస్తుంది. నీహారిక ఎర్రకాంతి మాత్రం దాదాపు పూర్తిగా వస్తుంది. 3 నానోమీటర్ల ఫిల్టర్ అయితే దీపాల వెలుగు నూరో వంతు. లెక్క ఇంత సరళం, ఫలితం అంత పెద్దది. ఇస్నాపూర్ చౌరస్తా వెలుగు సోకే మేడ మీద కూడా రోసెట్ నీహారిక రేకులు విడివిడిగా కనిపించేది ఈ లెక్క వల్లే. వెన్నెల రాత్రుల్లోనూ హైడ్రోజన్ ఆల్ఫా చిత్రణ సాగుతుంది. చంద్రుడి కాంతిలో నీలం, ఆకుపచ్చ ఎక్కువగా వెదజల్లబడటం వల్ల ఆక్సిజన్ గీత మాత్రం ఎక్కువ దెబ్బతింటుంది. అందుకే వెన్నెల్లో హైడ్రోజన్, అమావాస్య దగ్గర్లో ఆక్సిజన్ అని పని పంచుకుంటారు.

నలుపు తెలుపు కెమెరా ఉన్నవాళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్, గంధకం గీతలను ఒక్కోటి విడిగా తీస్తారు. గంధకానివి 671.6, 673.1 నానోమీటర్లు. రంగు కెమెరా ఉన్నవాళ్లకు హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ ఒకేసారి వదిలే ద్వంద్వ ఫిల్టర్లు దొరుకుతున్నాయి. ఎరుపు పిక్సెళ్లలో హైడ్రోజన్, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్లలో ఆక్సిజన్ చేరతాయి. 1995లో హబుల్ టెలిస్కోపుతో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ తీసిన ‘సృష్టి స్తంభాలు’ ఇలాంటి మూడు గీతల చిత్రమే. గంధకాన్ని ఎరుపుగా, హైడ్రోజన్‌ను ఆకుపచ్చగా, ఆక్సిజన్‌ను నీలంగా చూపారు. ఆ స్తంభాలున్న ఈగిల్ నీహారిక రుద్రారంలో దాదాపు 59 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. వానలకు ముందు మే నెల తెల్లవారుజాములు దానికి అనువు. ఇలాంటి రంగులు కంటికి కనిపించేవి కావని ఫోటో పక్కన రాయడం మర్యాద. ఏ ఫిల్టర్, ఎన్ని గంటలు, ఏ రంగుకు ఏ మూలకం అని రాసినప్పుడే ఆ బొమ్మ చూసేవాడికి ఆకాశం గురించి ఏదైనా చెబుతుంది.

పోగుచేయడం, శుద్ధి చేయడం

ఒక్క ఫ్రేమ్‌లో నీహారిక నాయిస్‌లో మునిగి ఉంటుంది. ఫోటాన్లు వర్షపు చినుకుల్లా యాదృచ్ఛికంగా పడతాయి కాబట్టి ఫ్రేములు పెరిగేకొద్దీ అసలు సంకేతం ఫ్రేముల సంఖ్యకు తగ్గట్టు పెరుగుతుంది, నాయిస్ దాని వర్గమూలం మేరకే పెరుగుతుంది. నాలుగు రెట్లు ఫ్రేములు తీస్తే బొమ్మ రెండు రెట్లు నునుపవుతుంది. ఇంకా రెండు రెట్లు కావాలంటే మొత్తం పదహారు రెట్లు తీయాలి. మూడు గంటల ఒకే ఎక్స్‌పోజర్ బదులు మూడు నిమిషాల ఫ్రేములు అరవై తీయడంలో మరో లాభం ఉంది. ఉపగ్రహమో, శంషాబాద్ విమానమో గీత గీసిన ఫ్రేములో ఆ పిక్సెళ్లను మిగతా ఫ్రేములతో పోల్చి సాఫ్ట్‌వేర్ తొలగించగలదు. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ రెండూ ఉచితమే.

ఆకాశపు ఫ్రేములతో పాటు మూడు రకాల సహాయ ఫ్రేములు తీస్తారు. మూత పెట్టి అదే ఉష్ణోగ్రత దగ్గర తీసే డార్క్ ఫ్రేములు సెన్సర్ వేడి జాడను చెరిపేస్తాయి. అత్యల్ప ఎక్స్‌పోజర్‌తో తీసే బయాస్ ఫ్రేములు ఎలక్ట్రానిక్స్ సహజ స్థాయిని చెబుతాయి. టెలిస్కోపు మూతికి తెల్లటి బట్ట కట్టి సంధ్యాకాశం వైపు తిప్పి తీసే ఫ్లాట్ ఫ్రేములు అద్దాల మీది దుమ్ము మరకలను, అంచుల్లో తగ్గే వెలుగును సరిచేస్తాయి. దుమ్ము ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో ఫ్లాట్లు తీయకుండా పడుకోవడం రాత్రంతా చేసిన శ్రమను పాడుచేసుకోవడమే.

ఒరాయన్ నీహారికకు ఇంకో జాగ్రత్త కావాలి. దాని నడిభాగం అంచుల కన్నా ఎన్నో రెట్లు కాంతివంతం. మూడు నిమిషాల ఫ్రేములో ట్రపీజియం తెల్లటి ముద్దవుతుంది. ఐదు, పది సెకన్ల ఫ్రేములు విడిగా తీసి, నడిభాగానికి వాటిని, రెక్కలకు పొడవైన ఫ్రేములను వాడి కలపాలి. ఈ కలపడంలోనే పనితనం తెలుస్తుంది. నాయిస్ తగ్గించే కృత్రిమ మేధ పరికరాలు ఇప్పుడు ఒక్క మీటతో పని ముగిస్తున్నాయి. వాటిని అతిగా నడిపితే అక్కడ లేని పోగులను కూడా గీసేస్తాయి. శాస్త్రానికి పనికొచ్చే చిత్రం కావాలనుకునేవారు ఫ్రేములు కలపగా వచ్చిన, శుద్ధి చేయని స్టాక్‌ను విడిగా దాచిపెట్టుకోవాలి.

ఇంత శ్రమ పడలేనివారికి 2023 నుంచి సీస్టార్ ఎస్50 లాంటి చిన్న స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి. 50 మిల్లీమీటర్ల కటకం, మౌంట్, కెమెరా, ద్వంద్వ ఫిల్టర్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఫోన్‌లో నీహారిక పేరు నొక్కితే అదే వెతుక్కుని, అదే ఫ్రేములు కలిపి చూపిస్తుంది. పాఠశాల మైదానంలో పిల్లల ముందు పెట్టడానికి ఇంతకన్నా అనువైనది ఇంకొకటి లేదు.

ఔత్సాహికుల కొత్త వెలుగులు

ఈ చిత్రాలు గోడకు తగిలించుకోవడానికే అనుకోవడం పొరపాటు. 2004 జనవరి 23న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జే మెక్‌నీల్ తన పెరట్లో 3 అంగుళాల టెలిస్కోపుతో ఒరాయన్‌లోని ఎం78 ప్రాంతాన్ని ఫోటో తీసి, అంతకు ముందు ఎవరూ గుర్తించని చిన్న నీహారికను గమనించాడు. ఒక కొత్త నక్షత్రం ఒక్కసారిగా భగ్గుమనడంతో దాని చుట్టూ ఉన్న ధూళి వెలిగింది. దాన్ని నేడు మెక్‌నీల్ నీహారిక అంటారు. ఆండ్రోమెడా గెలాక్సీని వందేళ్లకు పైగా ప్రపంచమంతా ఫోటో తీసింది. అయినా దాని పక్కనే ఉన్న భారీ ఆక్సిజన్ వంపును 2023 మొదట్లో ప్రకటించినవారు మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్, యాన్ సెంటీ అనే ఔత్సాహికులతో కూడిన బృందం. అంతకు ముందు ఎవరూ ఆ సన్నని ఆకుపచ్చ గీతలో అంతసేపు అక్కడ చూడలేదు.

రుద్రారం లాంటి చోట అలాంటి దీర్ఘకాలిక పనికి ఒక వస్తువు ప్రత్యేకంగా తగుతుంది. అది ఏకశృంగి రాశిలోని ఎన్‌జీసీ 2261. ఆర్ మోనోసెరోటిస్ అనే నక్షత్రం నుంచి విసనకర్రలా విచ్చుకున్న చిన్న నీహారిక. దాని ఆకారం వారాల వ్యవధిలో మారుతుందని 1916లో ఎడ్విన్ హబుల్ ప్రకటించాడు. నక్షత్రానికి దగ్గరగా కదిలే ధూళి తెరల నీడలు దాని మీద పడటం అందుకు కారణమని భావిస్తున్నారు. 1949 జనవరిలో పాలోమార్ 200 అంగుళాల టెలిస్కోపు మొట్టమొదట తీసిన అధికారిక చిత్రం కూడా దీనిదే. ఇది ప్రతిఫలన నీహారిక కాబట్టి సన్నని ఫిల్టర్ సాయపడదు. కానీ చిన్నది, పరిమాణానికి తగ్గట్టు కాంతివంతమైనది, కాబట్టి 8 అంగుళాల టెలిస్కోపుతో దీపాల ఆకాశంలోనూ చిక్కుతుంది. రుద్రారంలో ఇది 81 డిగ్రీల ఎత్తుకు, దాదాపు నడినెత్తికి, నగరపు కాంతి గోపురానికి అందనంత పైకి ఎక్కుతుంది. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిది దాటగానే ఆ స్థానానికి వస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వారానికొక రాత్రి, ఒకే టెలిస్కోపుతో, ఒకే ఎక్స్‌పోజర్‌తో తీస్తూ తేదీ, సమయం రాసి పెట్టుకుంటే, ఆ వరుసలో నీడలు కదిలే తీరు కనిపిస్తుంది.